అతుకుల దగ్గర తప్పులు: పలు ప్రోగ్రాములను ఒకటిగా కూర్చిన చరిత్ర

అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపట్ల చేలలో తొలకరి వానలు పడగానే జనము తలలు వంచి నేలను వెదకుట చిరకాలముగా వస్తున్న ఆచారము. వాన నీరు పైమట్టిని కడిగివేసినప్పుడు ఎప్పుడైన ఒక వజ్రము కంటబడవచ్చును. దొరికినవానికి అది అదృష్టము. భూగర్భశాస్త్రజ్ఞునికి మాత్రము అది ఒక ప్రశ్న. ఈ రాయి ఈ చేనిలోనిది కాదు. మరి ఎక్కడి నుండి వచ్చినది?

ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినవారు కూడ ఉన్నారు. 1880 తరువాతి సంవత్సరాలలో చాపెర్ అనే ఫ్రెంచి గనుల నిపుణుడు వజ్రకరూరు వజ్రములు పెగ్మటైటు అనే శిల నుండి వెలువడినవని ప్రకటించినాడు. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1889లో ఆ వాదమును శంకించినాడు. 1890లో ఫిలిప్ లేక్ అదే ప్రశ్నను మరల పరిశీలించినాడు. అక్కడి నేలలో గొట్టమువలె దిగియున్న శిల దక్షిణాఫ్రికాలోని వజ్రపు గనుల శిలవంటి కింబర్లైటు అని తరువాతి పరిశోధనల వలన స్థిరపడినది. సుమారు 110 కోట్ల సంవత్సరముల క్రిందట 150 కిలోమీటర్లకు మించిన లోతు నుండి ఎగదన్నుకొని వచ్చిన శిలాద్రవము గడ్డకట్టి ఈ శిల ఏర్పడినది. అది పైకి వచ్చునప్పుడు దారిలోని పలురకాల రాళ్ళ తునకలను తనలో ఇముడ్చుకొన్నది. వజ్రము కూడ అట్లు ప్రయాణము చేసి వచ్చినదే గాని కింబర్లైటులో పుట్టినది కాదు. ఒకే ముద్దలో కలిసిపోయిన ఈ తునకలలో ఏది ఎంత లోతునుండి వచ్చినదో చెప్పుటకు శాస్త్రజ్ఞులు గార్నెట్ వంటి ఖనిజముల రసాయన కూర్పును పరీక్షిస్తారు. తునక తన చిరునామాను తనలోనే దాచుకొన్నదన్నమాట.

పలు వస్తువులు ఒకటిగా కలిసినప్పుడు వానిలో ఒకదాని మూలస్థానమును కనుగొనుట ఎట్లు అన్న ఈ ప్రశ్న కంప్యూటరు శాస్త్రములో మరొక రూపములో ఎదురైనది. వేరువేరు మనుష్యులు వ్రాసిన పలు ప్రోగ్రాములను ఒకే టేపులోనో ఒకే ఫైలులోనో కూర్చినప్పుడు, ఫలితము తప్పుగా వచ్చినచో, ఆ తప్పు ఏ ముక్కలోనిది? ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ప్రోగ్రాము, స్క్రిప్టు, ఫైలు

కంప్యూటరు చేయవలసిన పనులను ఒకదాని తరువాత ఒకటిగా ఆజ్ఞల రూపములో వ్రాసిన పట్టికను ప్రోగ్రాము అంటారు. మరొక ప్రోగ్రాము చేత వరుసగా చదివించి అమలు జరిపించుటకు వ్రాసిన చిన్న ప్రోగ్రామును స్క్రిప్టు అనుట వాడుక. యంత్రములో ఒక పేరు క్రింద భద్రపరచిన సమాచారము ఫైలు. ప్రోగ్రాములోని తప్పును ఆంగ్లములో పురుగు అనే అర్థము గల 'బగ్' అన్న మాటతోను, తప్పును వెదకి సవరించుటను 'డీబగ్గింగు' అన్న మాటతోను పిలుస్తారు. యంత్రములలోని లోపమును పురుగు అనుట కంప్యూటర్లకంటె పాతది. 1878లో ఎడిసన్ తన లేఖలో ఈ మాటను వాడినాడు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్-2 యంత్రములో ఒక రిలే నడుమ నిజముగనే చిమ్మటపురుగు చిక్కుకొన్నది. అక్కడివారు దానిని లాగి దినచర్య పుస్తకములో అంటించినారు. ఆ పురుగు చిరునామా సులభముగా దొరికినది. ప్రోగ్రాములోని తప్పులు అంత సులభముగా దొరకవు.

కేంబ్రిడ్జిలోని కాగితపు టేపు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మించిన ఎడ్‌శాక్ అనే కంప్యూటరు 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును నడిపినది. తొలి సంవత్సరాలలో దాని జ్ఞాపకశాఖలో 512 గదులు మాత్రమే ఉండేవి. ఒక్కొక్క గదిలో ఒక ఆజ్ఞనుగాని, ఒక సంఖ్యనుగాని ఉంచవచ్చును. ప్రోగ్రామును కాగితపు టేపు మీద రంధ్రములుగా పొడిచి యంత్రమునకు అందించేవారు.

వర్గమూలము కనుగొనుట, ఫలితమును అచ్చు వేయుట వంటి పనులు ప్రతి ప్రోగ్రాములోను వస్తాయి. వానిని ప్రతివారు క్రొత్తగా వ్రాయనక్కరలేకుండ ఎడ్‌శాక్ బృందము వారు అట్టి చిన్న ప్రోగ్రాములను సరిచూచి, వేరువేరు టేపుల మీద సిద్ధము చేసి ఉంచినారు. ఇవి సబ్‌రొటీనులు, ఉపప్రోగ్రాములు అనవచ్చును. 1951 నాటికి ఆ గ్రంథాలయములో 87 ఉపప్రోగ్రాములు చేరినవి. పరిశోధకుడు తన ముఖ్య ప్రోగ్రామును పొడిచి, కావలసిన ఉపప్రోగ్రాముల టేపులను దాని వెంట నకలు తీసి, అన్నింటిని ఒకే టేపుగా చేసి యంత్రమునకు ఇచ్చేవాడు. పలువురి ప్రోగ్రాములను ఒకే మూటగా కట్టుట ఇట్లు ఒక పద్ధతిగా స్థిరపడినది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఉదాహరణకు 30, 45, 20 ఆజ్ఞలు గల మూడు ముక్కలను 56వ గది నుండి వరుసగా పేర్చినామనుకొందము. మొదటిది 56లోను, రెండవది 86లోను, మూడవది 131లోను ప్రారంభమగును. ప్రతి ముక్కలోను "నా మొదటి గది నుండి 5 గదులు దాటి ఉన్న సంఖ్యను కూడుము" అనే ఆజ్ఞ ఉన్నదనుకొందము. ఆ సంఖ్య నిజముగా ఉండునది మొదటి ముక్కకు 61వ గదిలో, రెండవదానికి 91లో, మూడవదానికి 136లో. ముక్కలను వ్రాసినవానికి ఈ అంకెలు ముందుగా తెలియవు. టేపు కూర్చువాడు చేతితో సవరించుటకు కూర్చున్నచో ఒక్క అంకె తప్పినను లెక్క అంతా చెడును.

డేవిడ్ వీలర్ అనే యువకుడు ఈ చిక్కును విడదీసినాడు. యంత్రము మొట్టమొదట చదివే ప్రారంభపు ఆజ్ఞలను ఆయన 1949లో తిరిగి వ్రాసినాడు. ప్రతి ముక్క తలలో ఒక గుర్తు ఉంటుంది. అది కనిపించగానే యంత్రము "ఈ ముక్క ఇన్నవ గదిలో ప్రారంభమైనది" అని గుర్తుంచుకొంటుంది. చివర తీటా అనే అక్షరము గల ఆజ్ఞ వచ్చినప్పుడు అందులోని అంకెకు ఆ ప్రారంభపు అంకెను తానే కూడుకొంటుంది. వేరొక అక్షరము ఉన్న ఆజ్ఞలను ఉన్నవి ఉన్నట్లే ఉంచుతుంది. ఈ పని అంతటికి ఆయన వాడిన ఆజ్ఞలు 41 మాత్రమే.

ఉపప్రోగ్రాము పని ముగించి ఎక్కడికి తిరిగిపోవలెనన్నది రెండవ చిక్కు. ఒకే ఉపప్రోగ్రామును ముఖ్య ప్రోగ్రాము పదిచోట్ల నుండి పిలువవచ్చును. దీనికి వీలర్ చేసిన ఏర్పాటు ఇది: పిలిచే చోటు తన చిరునామాను వెంట పంపుతుంది, ఉపప్రోగ్రాము దాని నుండి తిరుగు ప్రయాణపు ఆజ్ఞను తానే తయారుచేసుకొంటుంది. ఒకటిగా కలిసిన తరువాత కూడ ఎవరి చిరునామా వారికి మిగిలియుండవలెనన్న సూత్రము ఇక్కడ మొదటిసారిగ స్పష్టముగా కనిపిస్తుంది.

126 ఆజ్ఞలలో 20 తప్పులు

కూర్పు సులభమైనంతమాత్రాన ప్రోగ్రాము సరియైనది కాదు. 1949 వేసవిలో విల్క్స్ ఎయిరీ సమీకరణమునకు విలువలు కట్టుటకు ఒక ప్రోగ్రాము వ్రాసినాడు. అది 126 ఆజ్ఞల చిన్న ప్రోగ్రాము. చాలకాలమునకు ఆ టేపు దొరికినది. మార్టిన్ కాంప్‌బెల్-కెల్లీ అనే చరిత్రకారుడు దానిని పరీక్షించి అందులో సుమారు 20 తప్పులు ఉన్నట్లు కనుగొన్నాడు. తన శేషజీవితములో పెద్దభాగము తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకుటకే సరిపోవునన్న సత్యము ఆ రోజులలో మెట్ల దారిలో నడుస్తుండగా తనకు తోచినదని విల్క్స్ తరువాత తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. కంప్యూటరు నిర్మించిన మహానుభావుడే ఇట్లు తలచినాడన్న మాట విద్యార్థులకు కొంత ధైర్యము కలిగించవచ్చును.

తప్పు వెదకుటను ఒక శాస్త్రముగా పరిగణించినవారిలో స్టాన్లీ గిల్ ముందువాడు. ఎడ్‌శాక్ ప్రోగ్రాములలోని తప్పుల నిదానము మీద ఆయన 1951లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించినాడు. అప్పటికి రెండు మార్గములు వాడుకలో ఉండేవి. యంత్రము ఆగిపోయిన పిమ్మట జ్ఞాపకశాఖలో మిగిలినదంతా అచ్చు వేయించి చూచుట ఒకటి. దీనిని శవపరీక్షతో పోల్చి అదే పేరు పెట్టినారు. చావుకు కారణము ఇందులో కొంత తెలియవచ్చును గాని, రోగము ఎప్పుడు, ఎక్కడ ప్రారంభమైనదో తెలియదు. రెండవ మార్గమును గిల్ వృద్ధి చేసినాడు. ఒక పరీక్షక ప్రోగ్రాము తప్పున్న ప్రోగ్రామును తన ముందు ఉంచుకొని, ఒక్కొక్క ఆజ్ఞను తానే నడిపిస్తూ, నడిపిన ఆజ్ఞ అక్షరమును అచ్చు వేస్తుంది. ఆ కాగితమును చూచినచో ప్రోగ్రాము ఏ దారిన నడిచినదో, ఎక్కడ దారి తప్పినదో తెలుస్తుంది. యంత్రపు వేగము చాల తగ్గును. కాని దారి తప్పిన చోటు తెలియుట కొరకు ఆ మూల్యము చెల్లించవలసినదే.

సంకలనము అన్న మాట

అమెరికాలో గ్రేస్ హాపర్ యూనివాక్ యంత్రము కొరకు 1951–52లో ఏ-0 అనే ప్రోగ్రామును తయారుచేసినది. కావలసిన ఉపప్రోగ్రాముల సంకేతములను వరుసగా వ్రాసి ఇచ్చినచో ఏ-0 వానిని టేపు మీద నుండి ఏరి, వరుసలో పేర్చి, చిరునామాలు సరిచేసి ఒకే ప్రోగ్రాముగా కూర్చేది. దీనికి ఆమె కంపైలర్, అనగా సంకలనము చేయునది, అని పేరు పెట్టినది. నేడు ఆ మాటకు అర్థము మారినది. ఉన్నతభాషలో వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. విడివిడి ముక్కలను కలిపి చిరునామాలు సరిచేసే పనికి లింకరు అనే వేరొక ప్రోగ్రాము ఏర్పడినది. 1958లో వెలువడిన ఫోర్ట్రాన్-2లో ఉపప్రోగ్రాములను విడివిడిగా అనువదించి, నడిపించు ముందు కలుపుకొనే వీలు కలిగినది. ఒక ముక్కలోని తప్పును సవరించినప్పుడు ఆ ముక్కను మాత్రమే తిరిగి అనువదించిన చాలును. దీనివలన తప్పు వెదకుటలో ఎంత కాలము కలిసివచ్చినదో ఊహించవచ్చును.

రాజ్‌రెడ్డి బృందపు రెండు యంత్రములు

విడిగా ఉంచుట మేలా, ఒకటిగా కలుపుట మేలా? ఈ ప్రశ్నకు చక్కని ప్రయోగము ఒక తెలుగువాని నాయకత్వమున జరిగినది. దబ్బాల రాజగోపాల రెడ్డి, లోకము ఎరిగిన పేరు రాజ్‌రెడ్డి, 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామములో జన్మించినాడు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాలో డ్యూస్ అనే కంప్యూటరుతో పరిచయము పొంది, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పుచ్చుకొన్నాడు. 1969 నుండి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో పనిచేసినాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమానమును అందుకొన్నాడు.

మాట్లాడిన వాక్యమును కంప్యూటరు చేత గుర్తింపజేయుట ఆయన పరిశోధన. అందుకు అనేక విద్యలు కావలెను. ధ్వనిని వర్ణములుగ విడదీయునది ఒకటి. వర్ణముల నుండి పదములను ఊహించునది ఒకటి. పదముల క్రమము వ్యాకరణమునకు సరిపడునా అని చూచునది ఒకటి. 1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఐదేండ్ల పథకము ప్రారంభించినది. వెయ్యి పదముల పరిధిలో, నూటికి 10కి మించని తప్పులతో వాక్యములను గ్రహించే యంత్రమును సాధించుట లక్ష్యము. రాజ్‌రెడ్డి బృందము వారు 1976 నాటికి దీనికి రెండు సమాధానములు తయారుచేసినారు.

మొదటిది హియర్‌సే-2. ఇందులో ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క ప్రోగ్రాము విడిగా ఉంటుంది. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడవు. అన్నింటికి నడుమ ఒక నల్లబల్ల ఉన్నట్లు ఏర్పాటు. ధ్వనిని పరీక్షించినది తన ఊహను బల్ల మీద వ్రాస్తుంది. పదములను వెదకునది దానిని చూచి తన ఊహను పైన వ్రాస్తుంది. ఏ ఊహ ఏ ఊహ మీద ఆధారపడి ఉన్నదో కూడ బల్ల మీదనే గీతలు కలిపి చూపుతారు. తుది వాక్యము తప్పైనచో ఆ గీతల వెంట క్రిందికి దిగి, తప్పు ఊహ చేసినది ఎవరో పట్టుకొనవచ్చును.

రెండవది హార్పీ, బ్రూస్ లవర్రీ అనే విద్యార్థి దీనిని తన సిద్ధాంతవ్యాసముగా సాధించినాడు. ఇందులో ఉచ్చారణ, పదకోశము, వ్యాకరణము అన్నింటిని ముందుగనే కలిపి సుమారు 15,000 కణుపులు గల ఒకే జాలముగా అల్లినారు. వాక్యము వినబడినప్పుడు ఆ జాలములో మిక్కిలి సరిపడే దారిని వెదకుటయే పని. 1,011 పదములతో చేసిన పరీక్షలో హార్పీ నూటికి సుమారు 95 వాక్యములను సరిగా గ్రహించినది. హియర్‌సే-2 సుమారు 90 గ్రహించినది. హార్పీ వేగముగా కూడ పనిచేసినది. కాని ఒక నియమము మార్చవలెనన్నచో జాలమును మరల అల్లవలెను; ఆ అల్లికకు యంత్రము గంటల కొద్దీ శ్రమించవలసి ఉండేది. విడిగా ఉన్నది సవరించుటకు అనువు. కలిపినది నడుపుటకు అనువు. ఈ రెండు గుణములు ఒకచోట దొరకుట అరుదు.

హార్పీ నిర్మాణములో మరొక విశేషము తెలుగు ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించును. రెండు పదములు ప్రక్కప్రక్కన పలికినప్పుడు వాని అంచులలోని ధ్వనులు మారుతాయి. అందుచేత పదములను విడివిడిగా జాలములో అతికించుట చాలలేదు. అతుకు దగ్గర జరిగే మార్పులకు వేరే నియమములు చేర్చవలసి వచ్చినది. మన వ్యాకరణములో దీనికే సంధి అని పేరు. "వాడెక్కడ" అన్నప్పుడు అది "వాడు + ఎక్కడ" కావచ్చును, "వాడ + ఎక్కడ" కూడ కావచ్చును. మొదటిది మనిషిని గురించిన ప్రశ్న, రెండవది వీధిని గురించినది. పూర్వపదపు చివరి అచ్చు లోపించినందున చిరునామా చెరిగిపోయినది. సందర్భము తెలియనిదే విడదీయుట సాధ్యము కాదు. ప్రోగ్రాముల కూర్పులో కూడ ఎక్కువ తప్పులు ఇట్టి అతుకుల దగ్గరనే పుడతాయి.

మూటకట్టు స్క్రిప్టులు

1970 తరువాత యూనిక్స్ అనే వ్యవస్థ వ్యాపించినది. అందులో చిన్న చిన్న పనులకు స్క్రిప్టులు వ్రాసుకొనుట వాడుక. పలు ఫైళ్ళను తపాలాలో పంపవలసి వచ్చినప్పుడు వానిని ఒకటిగా కట్టే ఉపాయమును కెర్నిగన్, పైక్ అనువారు 1984లో ప్రకటించిన యూనిక్స్ పుస్తకములో వివరించినారు. ప్రతి ఫైలుకు ముందు దాని పేరుతో ఒక ఆజ్ఞను, చివర ఒక ముగింపు గుర్తును చేర్చి అన్నింటిని ఒకే ఫైలుగా వ్రాస్తారు. ఈ ఫైలు తానే ఒక స్క్రిప్టు. అందుకొన్నవారు దానిని నడిపినచో అది తనను తానే విప్పుకొని పాత ఫైళ్ళను పాత పేర్లతో తిరిగి తయారుచేస్తుంది. ఉపాయము ముచ్చటైనది. కాని ఒక ఫైలులోని పాఠములోనే ఆ ముగింపు గుర్తు వంటి పంక్తి ఉన్నచో ఆ ఫైలు అక్కడనే తెగిపోవును. మిగిలిన పంక్తులను యంత్రము ఆజ్ఞలనుకొని నడుపబోవును. తప్పు ఇక్కడ ఫైలులోను లేదు, మూట కట్టినదానిలోను లేదు. రెండింటి నడుమ ఉన్నది.

నడుమ ఉన్న తప్పు ఎంత నష్టము కలిగించగలదో 1996 జూన్ 4న లోకమునకు తెలిసినది. ఐరోపా వారి ఏరియన్-5 రాకెట్టు మొదటి ప్రయాణములో 40 సెకండ్లు తిరుగక మునుపే ధ్వంసమైనది. దిశను తెలిపే పరికరములోని ప్రోగ్రామును పాత ఏరియన్-4 నుండి తెచ్చి కూర్చినారు. ఏరియన్-4లో అది దోషములేకుండ పనిచేసినది. క్రొత్త రాకెట్టు గమనము వేరు. అందుచేత ఒక విలువ పెరిగిపోయి 16 బిట్ల గదిలో పట్టలేదు. ప్రోగ్రాము ఆగిపోయినది. అసలు ఆ లెక్క బయలుదేరిన తరువాత ఏరియన్-5కు అవసరమే లేదు. పాత ఇంటిలో ఒప్పుగా ఉన్న ముక్క క్రొత్త ఇంటిలో తప్పైనది.

వెబ్‌పుటలలోని కూర్పు

1995లో బ్రెండన్ ఐక్ వెబ్‌పుటల కొరకు జావాస్క్రిప్టు భాషను తయారుచేసినాడు. ఒక పుటకు పది స్క్రిప్టులు ఉన్నచో చూచువారి యంత్రము పదిసార్లు కోరి తెప్పించుకొనవలెను. ఆలస్యము తగ్గించుటకు అన్నింటిని ఒకే ఫైలుగా కలుపుట వాడుకైనది. కేంబ్రిడ్జి టేపు కష్టములు అన్నియు ఇక్కడ మరల ఎదురైనవి.

మొదటిది అతుకు దోషము. ఈ భాషలో వాక్యమును సెమికోలన్‌తో ముగించుట నియమమైనను, చాలచోట్ల దానిని వదలినను యంత్రము సరిపెట్టుకొంటుంది. మొదటి ఫైలు చివర సెమికోలన్ లేక, రెండవ ఫైలు బ్రాకెట్టుతో ప్రారంభమైనచో, విడిగా ఉన్నప్పుడు రెండును చక్కగా నడుస్తాయి. కలిపినప్పుడు యంత్రము రెండింటిని ఒకే వాక్యముగా చదువుతుంది. ఇది అచ్చముగా సంధి దోషమే. రెండవది పేర్ల తగవు: ఇద్దరు వేరువేరుగా "మొత్తము" అనే పేరుతో విలువలు దాచుకొన్నచో ఒకరి విలువను మరొకరు చెరిపివేస్తారు. మూడవది వరుస: ముందు రావలసిన ముక్క వెనుకకు పోయినచో వెనుకది పనిచేయదు. నాలుగవది వ్యాప్తి: విడి ఫైళ్ళలో ఒకదానిలో వాక్యనిర్మాణ దోషమున్నచో అది ఒక్కటే ఆగిపోవును, కలిపిన ఫైలులో ఆ ఒక్క దోషము వలన ఫైలంతా నిలిచిపోవును.

ఇంతకంటె పెద్ద ఇబ్బంది చిరునామాది. ఫైలును చిన్నది చేయుటకు ఖాళీలను తీసివేసి, పేర్లను ఒక్కొక్క అక్షరమునకు కుదించి, అంతా ఒకే పంక్తిగా చేస్తారు. అప్పుడు యంత్రము "మొదటి పంక్తిలో తప్పు" అని చెప్పినచో ఏమి ప్రయోజనము? ఉన్నది ఒకే పంక్తి. దీనికి విరుగుడుగా సోర్సుమ్యాపు అనే పటము పుట్టినది. కూర్చిన ఫైలులోని ప్రతి స్థానమునకు అది మొదట ఏ ఫైలులో, ఏ పంక్తిలో, ఎన్నవ అక్షరముగా ఉండెనో ఈ పటము తెలుపుతుంది. 2011లో వచ్చిన మూడవ రూపము విస్తారముగా వాడుకలోనికి వచ్చినది. 2024లో ఎక్మా సంస్థ దానిని ప్రమాణముగా ప్రకటించినది. వీలర్ తలగుర్తు ఏ పని చేసినదో 62 సంవత్సరముల తరువాత ఈ పటము అదే పని చేసినది.

కూర్పు ఎంత పెద్దదైనను చిరునామా నిలుపవచ్చుననుటకు మరొక ఉదాహరణ ఎస్‌క్యూలైట్ అనే సమాచార నిధి ప్రోగ్రాము. 100కు మించిన మూలపు ఫైళ్ళను కలిపి రెండు లక్షలకు మించిన పంక్తులు గల ఒకే ఫైలుగా దీనిని పంచుతారు. ఒకటిగా ఉన్నప్పుడు కంపైలరు అంతటిని ఒకేసారి చూడగలుగుటచేత అది కొంత వేగముగా నడిచే ప్రోగ్రామును తయారుచేస్తుంది. కాని తప్పు వెదకే సాధనములు కొన్ని 32,767 పంక్తులకు మించి లెక్కపెట్టలేవు. అందుచేత అట్టివారి కొరకు అదే కూర్పును కొన్ని పెద్ద ముక్కలుగా విభజించి కూడ ఇస్తున్నారు. నడుపుటకు ఒకటి, వెదకుటకు వేరొకటి!

సగము సగముగా వెదకుట

చిరునామా పూర్తిగా చెరిగినప్పుడు ఏమి చేయవలెను? 64 ముక్కలు కలిపిన కూర్పులో ఒక ముక్క చెడ్డదనుకొందము. ఒక్కొక్కటి తీసి చూచినచో 63 పరీక్షలు కావచ్చును. సగము, అనగా 32 ముక్కలు, తీసివేసి నడిపించినచో తప్పు ఏ సగములో ఉన్నదో తెలుస్తుంది. మరల 16, 8, 4, 2, 1. ఆరు పరీక్షలతో దోషి దొరుకును. కేంబ్రిడ్జి గ్రంథాలయములోని 87 ఉపప్రోగ్రాములకైన ఏడు పరీక్షలు చాలును, ఏలయన 2ను ఏడుమార్లు వేసి గుణించిన 128 వచ్చును.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. రెండు ముక్కలు కలిసినప్పుడే తప్పు పుట్టి, విడదీయగానే మాయమైనచో సగములలో ఏదియు దోషిగా కనిపించదు. 1999లో జర్మనీకి చెందిన ఆండ్రియాస్ జెల్లర్ ఇట్టి జంటలను కూడ పట్టగల క్రమబద్ధమైన పద్ధతిని ప్రకటించినాడు. జి.డి.బి. అనే ప్రోగ్రాము క్రొత్త కూర్పులో 1,78,000 పంక్తులు మారినవి. దానితో కలిసి పనిచేసే డి.డి.డి. అనే ప్రోగ్రాము అప్పటి నుండి చెడినది. జెల్లర్ పద్ధతి ఆ మార్పులన్నింటిలో దోషియైన ఒకే ఒక్క పంక్తిని ఏరి చూపినది. జి.డి.బి. అచ్చు వేసే ఒక వివరణ వాక్యములోని మాటలు కొద్దిగా మారినవి. ఆ వాక్యమును చదివి పనిచేసే డి.డి.డి. దానిని గుర్తించలేకపోయినది. మార్పు మంచిదే, చదువువాడును తనకు తెలిసినంతలో సరిగానే చదివినాడు. తప్పు మరల అతుకు దగ్గరనే దొరికినది.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును కంప్యూటరు లేకుండనే తరగతిలో చేయించవచ్చును. ఎనిమిదిమంది విద్యార్థులు ఒక లెక్కలోని ఎనిమిది మెట్లను విడివిడి కాగితములపై వ్రాయవలెను. ఒకరు రహస్యముగా ఒక తప్పు చేయవలెను. అన్నింటిని కలిపి, పేర్లు లేకుండ నల్లబల్ల మీద వ్రాసి, మొదట నాలుగవ మెట్టు ఫలితమును, పిమ్మట మిగిలిన సగములో నడిమి మెట్టును సరిచూచుచు పోయినచో మూడు పరీక్షలతో తప్పు బయటపడును. రెండవసారి ప్రతి మెట్టు ప్రక్కన వ్రాసినవారి పేరు కూడ వ్రాయించవలెను. అప్పుడు మెట్టు తెలియగానే వ్రాసినవాడును తెలియును. అతనిని పిలిచి ఏల అట్లు వ్రాసినావని అడుగవచ్చును. విల్క్స్ బృందము నుండి నేటివరకు జరిగిన కృషి సారాంశము ఈ చిన్న ప్రయోగములో ఇమిడియున్నది: ఎన్ని ముక్కలనైన కలుపవచ్చును, కాని కలుపునప్పుడే ప్రతి ముక్క మీద దాని ఊరు, పేరు వ్రాసి ఉంచవలెను.